ఖాదర్ అంకుల్ మరిచిపోని ఎత్తు

ఇరవై ఏళ్లకు పైగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేమీ కాదు. ఫోన్‌లో చెప్పిన ఒక్క మాట. అయినా దాని బరువు తగ్గలేదు. తగ్గిందని నేను అనుకోవడం మొదలుపెట్టగానే ఎవరో ఒకరు ఎదురై, "అక్కా, ఆ ఆట గురించి పిల్లలకు ఒకసారి చెప్పరాదూ" అంటారు. నవ్వుతాను. ఈసారికి వదిలేయండి అంటాను. ఇంటికొచ్చి గిన్నెలు కడుగుతూ కుళాయి మీద, సబ్బు మీద, కనిపించిన ప్రతిదాని మీద విసుక్కుంటాను.

విసిగిపోయాను. ముందు ఆ సంగతి చెప్పనివ్వండి. మేం ఉండేది మెల్‌బోర్న్‌లో, టార్నీట్ వైపు. ఇక్కడి తెలుగువాళ్లు ఆదివారం పూట ఒక హాలు తీసుకుని పిల్లలకు తెలుగు, పాటలు, చదరంగం నేర్పిస్తున్నారు. చదరంగం నా వంతు. ఒకప్పుడు నేను ఆస్ట్రేలియా జట్టుకు ఆడానని అందరికీ తెలుసు. నిజమే, ఆడాను. ఏ ఆట గెలిచి ఆ జట్టులో చేరానో ఆ ఆటను వార్షికోత్సవంలో పెద్ద బోర్డు మీద ఆడి చూపించమని ఏటా అడుగుతారు. ఈ ఏడు అడగలేదు, నేరుగా కార్యక్రమంలో వేసేశారు. ఎక్కడో పాత పత్రికలో ఉన్న ఆ ఆటను మా అమ్మాయే వెతికి తీసి కంప్యూటర్‌లో పెట్టింది. పెట్టి, నా దగ్గరికి వచ్చి, "అమ్మా, వైట్ ఈజ్ బెటర్ అని ఎందుకు రాశావ్? ఇట్స్ నాట్ ఈవెన్ క్లోజ్" అంది.

తెల్ల పావులు నావి. ఆ ఆటకు వ్యాఖ్య రాసిందీ నేనే.

అప్పట్లో కంప్యూటర్లకు ఇంత తెలివి ఎక్కడిది అని ఏదో గొణిగాను. అదీ అబద్ధమే. నల్లపావులు గెలుస్తున్నాయని నాకు ఏ కంప్యూటరూ చెప్పక్కర్లేదు. అప్పుడే తెలుసు. ఎంత బాగా తెలుసంటే, తెలుసు కాబట్టే ఆ పని చేశాను.

మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఆయన పేరు మాత్రం మార్చాను. ఖాదర్ అంకుల్ అందాం.

నేను సిడ్నీకి వచ్చింది తొంభై ఎనిమిదిలో, వైటూకే పని మీద. ఇప్పటి పిల్లలకు ఆ మాటే తెలియదు. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని చివరి రెండంకెలతోనే రాసేవాళ్లు. రెండు వేల సంవత్సరం రాగానే ఆ రెండంకెలు సున్నాలైపోయి, తేదీలన్నీ తారుమారవుతాయని ప్రపంచమంతా భయపడింది. ఆ భయం పుణ్యమా అని మాలాంటి వాళ్లం వేలమందిమి విమానాలెక్కాం. ఒక బీమా కంపెనీలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా తేదీలు వెతికి దిద్దడమే నా ఉద్యోగం. ఆఫీసులో అదే గోల, ఎవరింటికి భోజనానికి వెళ్లినా అదే గోల. మా వీసీఆర్ ఆగిపోతుందా, మా మైక్రోవేవ్ పేలుతుందా, కొంచెం చూసిపెట్టమ్మా. చూసి చూసి నాకు తేదీ అన్న మాటంటేనే వెగటు పుట్టింది.

ఖాదర్ అంకుల్ పరిచయమైంది ఒక చదరంగం పోటీలో. నేను ఫోన్‌లో అమ్మతో మాట్లాడుతుంటే విని, పక్కకు వచ్చి నిలబడి, నేను ఫోన్ పెట్టేదాకా ఆగి, మనది ఏ ఊరని అడిగారు. నాది గుంటూరు. ఆయనది నంద్యాల. డెబ్బైల్లో వచ్చి వలన్‌గాంగ్ ఉక్కు కర్మాగారంలో లోహాల ఇంజనీరుగా చేరారు. కొలిమి దగ్గర ఆయన సంతకం లేకుండా కరిగిన ఉక్కు బయటికి రాదని ఆంటీ గొప్పగా చెప్పేది. నేను హెలెన్స్‌బర్గ్ గుడికి వెళ్లినప్పుడల్లా అక్కడి నుంచి ఇంకాస్త దక్షిణంగా కారు నడుపుకుంటూ వాళ్లింటికి వెళ్లేదాన్ని. ఆంటీ నాకోసం విడిగా గుత్తివంకాయ వండి ఉంచేది. ఆ ఊళ్లో, ఆ దేశంలో, నేను బూట్లు విప్పి కాళ్లు పైకి పెట్టుకుని కూర్చోగలిగిన ఇల్లు అదొక్కటే.

అంకుల్ ఆడేది ఎక్కువగా కార్డు చదరంగం. ఇద్దరూ ఎవరి ఇంట్లో వాళ్లు బోర్డు పెట్టుకుంటారు. ఒకరు ఒక ఎత్తు వేసి కార్డు మీద రాసి పోస్ట్ చేస్తారు. అవతలివాళ్లు రోజుల తరబడి ఆలోచించి బదులు రాస్తారు, గడువు దాటితే మాత్రం ఓడినట్టే. పుస్తకాలు చూసుకోవచ్చు. ఒక ఆట ఏడాది దాటినా నడుస్తుంది. ఎదురుగా కూర్చుని ఆడేటప్పుడు మనిషి గడియారానికి భయపడి తప్పు చేస్తాడు, ఇందులో చేసిన ప్రతి తప్పూ నీ సొంతం, వంక దొరకదు, అందుకే నాకిది ఇష్టం అనేవారు. నేను కూడా అందులో దిగాను. తొంభై తొమ్మిదిలో ఇద్దరం ఒక పెద్ద పోటీ చివరి దశకు వచ్చాం. దాన్ని గెలిచినవాళ్లకు ఆస్ట్రేలియా జట్టులో చోటు. ఆయన దానికోసం నా వయసంత కాలం ఎదురుచూశారు. నేను వచ్చి రెండేళ్లు కాలేదు.

ఆ ఏడాది నుంచి కార్డులు మానేసి ఈమెయిల్‌లో ఆడాలన్నారు నిర్వాహకులు. అంకుల్‌కు ఇష్టం లేదు. ఏం కష్టం లేదని ఒప్పించింది నేను. వాళ్లబ్బాయి వదిలేసి వెళ్లిన పాత కంప్యూటర్‌లో మెయిల్ పెట్టి, నేర్పించింది నేను. ఆయన ఒక్కటే షరతు పెట్టారు. మన ఆట నడిచినన్నాళ్లూ దాని గురించి ఫోన్‌లో ఒక్క మాటా అనుకోకూడదు. సరేనన్నాను.

ఇక ఆట. దీన్ని ఎన్నిసార్లు వేసి చూసుకున్నానో. నేను రాజు ముందున్న బంటును రెండు గడులు తోశాను. ఆయన తన రాజు ముందు బంటును ఒక్క గడి మాత్రమే జరిపారు. ఫ్రెంచ్ డిఫెన్స్ అంటారు దాన్ని. ఓపిక ఉన్నవాళ్ల ఆట. ముందు ఇరుకులో కూర్చుని, తర్వాత ఎదుటివాడి మధ్య బంట్లను ఒక్కొక్కటే కొరుక్కుంటూ వస్తారు. ఏడో ఎత్తులో నాకు రెండు దారులున్నాయి. నెమ్మదిగా గుర్రాన్ని బయటికి తీసి, రాజును భద్రం చేసుకోవడం ఒకటి. మంత్రిని ఒంటరిగా దూకించి నాకు కుడివైపున్న ఆయన బంట్లను తినేయడం రెండోది. ఆ బంట్లలో విషం ఉందని పుస్తకాలన్నీ చెప్తాయి. తినే మంత్రికి సమయం ఖర్చవుతుంది, ఆలోపు అవతలివాడి బలగమంతా మధ్యలోకి వచ్చేస్తుంది. నాకు తెలియదా? పుస్తకం బల్ల మీదే ఉంది, ఆ పేజీ తెరిచే ఉంది. నెమ్మదైన ఆటలో ఆయన నన్ను పిండేస్తారని భయపడ్డానా? లేక, ఉక్కు కర్మాగారం అంకుల్‌ను దూకుడుగా కొట్టి గెలిచిందట అని నలుగురూ అనుకోవాలనా? రెండోదే అయివుంటుంది. తిన్నాను. ఒక బంటు లాభం మిగిల్చుకున్నాను. నా రాజు మాత్రం నడి బోర్డు మీద, తలుపుల్లేని ఇంట్లో కూర్చున్నట్టు కూర్చుండిపోయాడు. ఆయన రాజు ఎడమవైపుకు వెళ్లి కోట కట్టుకున్నాడు.

డిసెంబర్‌లో వాళ్లింటికి వెళ్లాను. భోజనాలయ్యాక, ఆ కంప్యూటర్ కొత్త సంవత్సరానికి తట్టుకుంటుందో లేదో కొంచెం చూడమని అంకుల్ అడిగారు. ఆట గురించి కాదు, కంప్యూటర్ గురించే అని మరీ మరీ చెప్పి అడిగారు. చూడటం ఎలాగో నాకంటే తెలిసినవాళ్లు లేరు. గడియారాన్ని ఏడాది చివరి నిమిషానికి తిప్పి, అది దాటాక ఆపి, మళ్లీ ఆన్ చేసి చూడాలి. టీ చల్లారే లోపు అయ్యే పని. నాకు చికాకేసింది. ఇక్కడ కూడానా అనిపించింది. స్విచ్ వేశాను, తెర వెలిగింది, రెండు బటన్లు నొక్కాను, దీనికేం ఢోకా లేదు అంకుల్ అన్నాను. ఆయన నమ్మారు. నమ్మరా మరి? అది నా ఉద్యోగం.

జనవరి వచ్చింది. ప్రపంచం ఆగలేదు. మైక్రోవేవ్‌లు పేలలేదు. అంకుల్ నుంచి ఎత్తు మాత్రం రాలేదు.

ఇక్కడి దాకా నేను దోషిని కాను. నిజంగానే ఎదురుచూశాను. గట్టి ఆలోచనలో ఉన్నారనుకున్నాను. గడువు దాటుతుంటే నియమం ప్రకారం గుర్తుచేస్తూ మెయిల్ పంపాను. దానికీ బదులు లేదు. షరతు పెట్టింది ఆయనే కదా అని ఫోన్ చేయలేదు. నిర్వాహకుడికి తెలియజేశాను. ఆయన టాస్మేనియాలో ఉండే పెద్దాయన, తపాలా కాలం మనిషి.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం నా మెయిల్ పెట్టె నిండిపోయిందని తెర మీద హెచ్చరిక వచ్చింది. అన్నిటికంటే పాతవి తీసేద్దామని అట్టడుగుకు వెళ్లాను. అక్కడ మూడు మెయిళ్లున్నాయి. మూడూ ఖాదర్ అంకుల్ పంపినవే. వాటి మీద తేదీ పంతొమ్మిది వందల ఎనభై జనవరి.

చూడగానే నవ్వొచ్చింది. కొత్త సంవత్సరం రాగానే ఆ పాత కంప్యూటర్ తన గడియారాన్ని ఎనభైకి తిప్పేసుకుంది. అది వేసిన తేదీనే నమ్మి నా మెయిల్ వాటిని అడుగున పడేసింది. ఏడాది పొడవునా నేను వేటాడిన తేదీల పురుగు నా ఇంట్లోకే వచ్చి కూర్చుంది. అప్పుడే ఫోన్ తీసి ఉంటే, ఇద్దరం నవ్వుకునేవాళ్లం. ఆంటీ పదేళ్లపాటు ఆ కథ అందరికీ చెప్పేది.

ముందు ఎత్తు చూద్దామనుకున్నాను.

మొదటి మెయిల్‌లో ఒక్క ఎత్తు. రాజును ఒక గడి పక్కకు జరిపారు. మిగతా రెండింట్లో, ఎప్పుడో పంపాను, అందలేదా అమ్మా అని, మళ్లీ అదే ఎత్తు. నేను దాడి వస్తుందనుకున్నాను, ఏనుగును బలిస్తారనుకున్నాను, వాటన్నిటికీ జవాబులు రాసిపెట్టుకున్నాను. ఆయనేమో, తొందరేముంది అన్నట్టు, రాజును మూలకేసి ఒక్క గడి జరిపారు. ముందు నాకు అర్థం కాలేదు. పావులు పేర్చుకుని కూర్చున్నాను. రాజు తప్పుకోగానే ఆ గడి ఖాళీ అయింది. అక్కడికి ఏనుగు వస్తుంది. వస్తే దాని ముందు నా రాజు దాకా ఏ అడ్డూ లేదు. ఆపడానికి నేను ఏ పావు కదిపినా ఇంకొకటి ఊడుతోంది. మర్నాడు ఆఫీసు నుంచి వచ్చి మళ్లీ చూశాను. ఆ మర్నాడూ చూశాను. దారి లేదు. అంత అందమైన ఎత్తు నా మీద ఎవరూ వేయలేదు.

ఆ వారంలోనే నిర్వాహకుడు రాశాడు. ఖాదర్ గారు పంపానంటున్నారు, రుజువుగా చూపిన మెయిల్ మీద ఇరవై ఏళ్ల కిందటి తేదీ ఉంది, దాన్ని నేను ఒప్పుకోలేను, మీరు మరొక్కసారి మీ పెట్టె చూసి చెప్పండి అన్నాడు. మీకు సమ్మతమైతే ఆగిన చోటి నుంచి ఆట కొనసాగించే అవకాశం కూడా ఇస్తాను, ఇది మీకు మాత్రమే రాస్తున్నాను అన్నాడు. ఎంత తేలిక చేశాడు నాకు! నేను పట్టుబడాల్సిన పని కూడా లేదు. ఊరికే సరే అంటే చాలు.

నాకేమీ రాలేదు, నిబంధనల ప్రకారమే చేయండి అని రాశాను.

ఎందుకు? ఇన్నేళ్లుగా నన్ను నేను నిలదీసుకుంటున్నాను. కాంట్రాక్టు అయిపోతోంది, వైటూకే పని ముగిసింది, ఈ దేశంలో నేను ఉన్నట్టు గుర్తు ఏదో ఒకటి కావాలనిపించింది అని కొన్నాళ్లు చెప్పుకున్నాను. ఆయనకు పోటీలు ఎన్నైనా వస్తాయి అని కొన్నాళ్లు. ఒకటీ నిలబడదు. ఓడిపోతున్నాను, ఓడిపోవడం ఇష్టం లేదు. అంతకంటే లోతైన కారణం ఏదైనా ఉంటే బాగుండునని వెతికాను. లేదు.

గడువు దాటినందుకు నేను గెలిచినట్టు తేల్చారు. అది జరిగిన మర్నాడు సాయంత్రం అంకుల్ ఫోన్ చేశారు.

"ఏమ్మా, బాగుండావా? ఆట అయిపోయింది కాబట్టి అడుగుతాండా. నేను పంపిస్తి తల్లీ. మూడు తూర్లు పంపిస్తి. నీకు ఒక్కటీ రాలేదా?"

"రాలేదు అంకుల్."

"ఆ టాస్మేనియా ఆయన ఏమంటాడంటే, నా మెయిల్ మీద ఎనభయ్యో సంవత్సరం అని పడిందంట. నువ్వు ఆ తేదీల పనే చేస్తాంటివి కదా. తేదీ తప్పు పడితే అది యాడన్నా చిక్కుకోని ఉంటాదా?"

తెలిసి అడిగిన ప్రశ్న కాదది. అనుమానం లేదు ఆ గొంతులో. ఇంట్లో పిల్లను అడిగినట్టు, తెలిసినదాన్ని కదా అని అడిగారు. సమాధానం నాకంటే బాగా తెలిసినవాళ్లు ఆ నగరంలో లేరు.

"అలా ఏం జరగదు అంకుల్. తేదీకీ మెయిల్‌కీ సంబంధం లేదు. మీరు రాసి, పంపడం మరిచిపోయి ఉంటారు."



"మూడు తూర్లూనా అమ్మా?"

"అవుతుంటుంది అంకుల్."

"అట్లనే అయ్యుంటాది లే. వయసు అయితాంది. నిన్ను ఊరికే ఇబ్బంది పెడితి. జట్టులో బాగ ఆడు తల్లీ."

ఇన్నేళ్లుగా నన్ను తినేస్తున్నది ఆ గెలుపు కాదు. ఆటల్లో మోసాలు జరుగుతాయి, వాటికి క్షమాపణలూ ఉంటాయి. ఆ మాట, "మరిచిపోయి ఉంటారు" అన్న ఆ మాట వేరు. ఆయన దగ్గరున్న ఆటను తీసుకున్నాను, చాలలేదు. ఆయన మనసు మీద ఆయనకున్న నమ్మకాన్ని కూడా తీసుకున్నాను.

తర్వాత జరిగిందంతా ఆంటీ చెప్తే తెలిసింది. ఆంటీ నా మీద నింద వేస్తూ చెప్పలేదు, కష్టం చెప్పుకున్నట్టు చెప్పింది. అంకుల్ డాక్టర్ దగ్గరికి వెళ్లారు. పరీక్షలు చేసి, జ్ఞాపకశక్తి బాగానే ఉందన్నారు. ఆయన నమ్మలేదు. పంపానని నేను ప్రమాణం చేసి చెప్పగలను, అయినా పంపలేదంట, అలాంటప్పుడు డాక్టర్‌కు ఏం తెలుస్తుంది అన్నారట. కొలిమి దగ్గర ఒక్క కొలత మరిచిపోతే మనుషులు కాలిపోతారని ఆ ఏడాదే ఉద్యోగం మానేశారు. ఇంకా కొన్నేళ్లు చేయాల్సిన మనిషి. కారు ఆంటీ చేతికిచ్చేశారు. స్టవ్ ఆపామా లేదా అని సగం దారిలోంచి వెనక్కి తిప్పించేవారట. నమాజు చేసి లేచి, చేశానా అని ఆంటీని అడిగేవారట. చేశావు కదా అని ఆమె అంటే, ఎందుకైనా మంచిదని మళ్లీ చేసేవారట. చదరంగం ముట్టుకోలేదు.

ఇదంతా వింటూ నేను ఆ ఇంట్లోనే, అదే కుర్చీలో కూర్చుని ఉన్నాను. అంకుల్ లోపలి నుంచి వచ్చి, జట్టులో ఎలా ఆడుతున్నావమ్మా అని అడిగారు. బాగానే అన్నాను. ఆ మధ్యే నేను ఆ ఆటకు వ్యాఖ్య రాసి పత్రికకు పంపాను. తెలుపుకు ఒక బంటు ఎక్కువ, నలుపు ఎదురుదాడి చాలదు అని. ఎందుకు రాశానంటారా? పత్రికవాళ్లు అడిగారు, రాశాను. ఒక అబద్ధం చెప్పాక మిగతావి వాటంతటవే వచ్చేస్తాయి, మనం కష్టపడక్కర్లేదు. ఆ రోజు కూడా చెప్పలేదు. తర్వాత మెల్‌బోర్న్ వచ్చేశాను. వెళ్లడం తగ్గించాను. అంకుల్ గుండెపోటుతో పోయారని తెలిసి వెళ్లినప్పుడు, చివరి రోజు దాకా ఆయనకు అన్నీ గుర్తున్నాయమ్మా, చిన్నప్పటి వాళ్ల వీధిలో ఇళ్లన్నీ వరసగా చెప్పేవాడు, ఆయనే ఊరికే భయపడ్డాడు అని ఆంటీ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఆ చెయ్యి లాక్కోలేదు నేను. లాక్కోవాల్సింది.

ఆంటీ ఇప్పుడు బ్రిస్బేన్‌లో కొడుకు దగ్గర ఉంది. పండక్కి ఫోన్ చేస్తాను. ప్రతిసారీ చెప్దామనుకుంటాను. ఇప్పుడు చెప్పి ఆమెకు ఏం ఇస్తాను, ఉన్న కాస్త ప్రశాంతతా చెడగొట్టడం తప్ప, అనుకుంటాను. ఎంత దయగా ఉంది కదూ వినడానికి? ఆ దయ మీద కూడా నాకు ఒళ్లు మండిపోతోంది. అది దయ కాదు. గుత్తివంకాయ వండిపెట్టిన మనిషి కళ్లలో నేను ఎలా కనిపిస్తానో అన్న భయం.

వార్షికోత్సవంలో ఆ ఆట వద్దని చెప్పేశాను. కారణం అడిగారు, చెప్పలేదు, మొహాలు ముడుచుకున్నారు. మా అమ్మాయి మాత్రం నన్ను వదలకుండా చూస్తోంది. బహుశా దానికి ముందు చెప్పాల్సి వస్తుంది. దాని తర్వాత ఆంటీకి. చెప్తానని మీకు మాట ఇవ్వలేను. నా మాటకు ఎంత విలువుందో మీకు తెలిసిపోయింది.

కానీ ఇది మాత్రం రాస్తాను. ఖాదర్ అంకుల్ తన ఎత్తును గడువులోపే పంపారు. మూడుసార్లు పంపారు. మూడూ నాకు అందాయి, మూడూ నేను చదివాను. ఆయన దేన్నీ మరిచిపోలేదు.

ఈ మాటలు ఇంతవరకూ ఎక్కడా రాయలేదు, ఎవరితోనూ అనలేదు. రాశాక ఏదో క్షమాపణ దొరికినట్టేమీ లేదు. ఇవ్వగలిగిన మనిషి లేరు. పట్టేసి ఉన్న ఊపిరి కాస్త వదిలినట్టుంది. అంతే.